తొందరేం లేదు

"మూడో వరసలో ఆఖరి అక్షరం చెప్పండి తాతగారూ."

కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో తాతగారు కళ్ళు చికిలించారు. నసిగారు. నీళ్ళు నమిలారు.

"తొందరేం లేదు, నేనెక్కడికీ పోను," అంది చూపు పరీక్ష చేస్తున్నావిడ.

బయట బెంచీ మీదున్న కాలేజీ పిల్లలు ఫక్కున నవ్వారు.

నవ్వరా మరి! నెల్లాళ్ళుగా ఎవరి నోట విన్నా అదే మాట. 'తాబేలు' అనే పేరుతో గేములాడుతూ వీడియోలు చేసే ఒకతను, గేము ఆగిపోయినప్పుడల్లా స్క్రీను వంక చూసి అనే మాట అది. ఎవరో దాన్ని కత్తిరించి పాటకి అతికించారు. ఇంకెవరో స్టిక్కరు చేశారు. ఇప్పుడు లిఫ్టు రాకపోయినా అదే, పెళ్ళికూతురి ముస్తాబు తెమలకపోయినా అదే.

"మేడం, మీరూ తాబేలు ఫ్యానేనా?" సేల్స్ అమ్మాయి అడిగింది.

"తాబేలేంటమ్మా?"

"డైలాగు కొట్టేసి పేరు తెలీదంటారేంటండీ!" అంటూ ఫోన్లో వీడియో పెట్టింది.

ఆవిడ చివరిదాకా చూసింది. మళ్ళీ పెట్టించుకుని చూసింది.

"ఎంత గడగడా మాట్లాడుతున్నాడో!" అని మురిసిపోయింది.

యజమానికి మాత్రం నవ్వు రాలేదు. సెలవులో ఉన్న ఉద్యోగి బదులు మూడు వారాల క్రితం ఆవిణ్ణి పెట్టుకున్నాడు.

"మనిషికి అరగంటా మేడం? బయట జనం లేచి వెళ్ళిపోతున్నారు. వీడియోల్లో డైలాగులు షాపులో నడవవు. రేపట్నించి రావద్దులెండి."

"అలాగే సార్. తాతగారిది పూర్తిచేసి వెళ్తాను," అందావిడ, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా.

మర్నాడు మధ్యాహ్నం తాబేలు లైవులోకి వచ్చాడు. సేల్స్ అమ్మాయి కౌంటరు మీద ఫోను నిలబెట్టింది. యజమానీ తొంగిచూశాడు.

"ఆ మాట ఎక్కడిదని అందరూ అడుగుతున్నారు. అది నాది కాదు," అన్నాడు తాబేలు. "చిన్నప్పుడు నాకు నత్తి. ఎనిమిదేళ్ళప్పుడు కళ్ళ పరీక్షకి తీసుకెళ్ళారు. అక్షరాలు కనిపిస్తున్నాయి, నోరే పెగలట్లేదు. చూపు లేదనుకుని అద్దాల మీద అద్దాలు మార్చారు. అప్పుడొకావిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని ఈ మాటంది. పన్నెండు అక్షరాలకి గంట పట్టింది! 'వీడికి కళ్ళజోడు అక్కర్లేదు, కాస్త టైమిస్తే చాలు' అని మా అమ్మకి చెప్పింది."

సేల్స్ అమ్మాయి యజమాని వంక చూసింది. అతను ఫోను వంకే చూస్తున్నాడు.

"ఆవిడెవరో, ఇప్పుడెక్కడున్నారో తెలీదు. ఆవిడ రాసిచ్చిన చీటీ మాత్రం దాచుకున్నా," అంటూ తాబేలు ఓ పాత కాగితం కెమెరా ముందు పెట్టాడు. కింద సంతకం. దాని చివర పక్షి తోకలా ఓ గీత.

యజమాని గభాల్న సొరుగు లాగాడు.

మూడు వారాల చీటీలన్నిటి మీదా అదే సంతకం ఉంది.