వాసన గది

తిరిగొచ్చిన డబ్బాల కట్టలు వాసన గది గుమ్మంలో దించారు. మోసుకొచ్చినవాళ్ళు మొహాలకు గుడ్డలు కట్టుకున్నారు. యజమాని జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చి, అక్కడ పనిచేసే ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.

ఆ చిన్న కార్ఖానాలో పండ్ల తొక్కలూ కూరగాయల తుక్కూ రుబ్బి, అచ్చుల్లో నొక్కి, భోజనం పెట్టిచ్చే డబ్బాలు చేస్తారు. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతాయి. అయితే తొక్కల వాసన తిండికి అంటకూడదు. అందుకే ప్రతి రకం డబ్బాలోనూ మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి, కాసేపాగి ఇద్దరు వాసన చూస్తారు. ఇద్దరూ ‘సరే’ అని రాస్తేనే సరుకు గేటు దాటుతుంది.

ఇద్దరిలో పెద్దావిడ అత్తరు దుకాణంలో పాతికేళ్ళు చేసొచ్చింది. ఆవిడ ముక్కు నుంచి ఏదీ తప్పించుకోదని అందరూ పోలీసక్క అంటారు. రెండో అతనికి మొన్ననే నలభై దాటాయి. కిందటేడు జ్వరం వచ్చి తగ్గింది గానీ, పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. భార్యకు కూడా చెప్పలేదు. ఏం వండినా బాగుందంటాడు. వాన పడినా, పాలు మాడినా, కూతురి తలకు నూనె రాసినా అతనికి అంతా ఒకటే. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు.

ఉద్యోగం మాత్రం పోలీసక్క చలవతో నడుస్తోంది. మూత తీసే దగ్గర రోజూ మర్యాదలే. చిన్నవాడివి, ముందు నువ్వు చూడమంటుంది ఆవిడ. అతను వంగి పీల్చినట్టు చేస్తాడు, ముదురు రంగు డబ్బా అయితే కాస్త తటపటాయిస్తాడు. తర్వాత ఆవిడ వంగుతుంది. ఆవిడ ముక్కు చిట్లిస్తే ‘వద్దు’ అని రాస్తాడు, లేకపోతే ‘సరే’. ఏడాదిలో ఒక్కసారీ ఇద్దరి మాటా తేడా రాలేదు.

కిందటి వారం కుళ్ళిన క్యాబేజీ కాడలతో చేసిన డబ్బాలు తెల్లగా, ముచ్చటగా వచ్చాయి. ఇద్దరూ సరే అన్నారు.

"కొన్న హోటలు వాళ్ళు మూత తీసి పరుగులు పెట్టారట," అన్నాడు యజమాని. "మీ ఇద్దరిలో ఒకరు మొహమాటానికి సరే రాశారు, ఇంకొకరి ముక్కు పనిచేయడం లేదు. ఎవరిదో సాయంత్రంలోగా మీరే చెప్పండి. వాళ్ళని ఇంక ఉంచుకోలేను."

అతను తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. పోలీసక్క లేచింది.

"సాయంత్రం దాకా ఎందుకండీ, నాదే."

వయసు మీదపడిందని, అతని తప్పేమీ లేదని చెప్పి, చేతిసంచి తీసుకుని నడిచింది. యజమాని అతని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఉద్యోగం నిలిచింది. అయినా అతనికి సంతోషమూ కలగలేదు, సిగ్గూ కలగలేదు. కాళ్ళు మాత్రం వాటంతటవే గేటు దాకా పరుగెత్తాయి.

"అక్కా, ఆగండి. నన్ను కాపాడ్డానికి మీరు నింద మోయొద్దు. ఏడాదిగా నాకు ఏ వాసనా తెలియడం లేదు. మీ ముఖం చూసి రాస్తున్నాను. ఆయనకి ఇప్పుడే చెప్పేస్తా, మీరు వెనక్కి రండి."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది.

"నేను నీ ముఖం చూసి రాస్తున్నాను, తమ్ముడూ."