పద్నాలుగో రిబ్బను

“పదమూడు పూలస్టాండులు, పదమూడు పేర్లు. మాటలు మీ ఇష్టం, మేంగ్ గారూ,” అన్నాడు గుక్, బల్ల మీద కాగితం పడేస్తూ.

మేంగ్ దల్సు కాగితం చూశాడు. ప్రొఫెసర్లు, విమర్శకులు, ఒక బ్యాంకు ఛైర్మన్.

“వీళ్లంతా ఆ అమ్మాయి బొమ్మలు చూశారా?”

“చూడ్డమెందుకు? పేరు వాడుకోమన్నారు. చాలదూ?”

“మాటలు నావి, మెప్పూ నాదే. అయితే ఆ పిల్లని మెచ్చుకునేది ఈ ఊళ్లో నేనొక్కణ్ణేనన్నమాట.”

గుక్ నవ్వేశాడు. గ్యాలరీ అతనిది. సోరిన్ అనే కొత్తమ్మాయి చేత మొదటి ప్రదర్శన పెట్టిస్తున్నాడు. చెక్క మీద బొమ్మలు చెక్కి కాగితం మీద అచ్చు వేస్తుంది, కథ రాస్తుంది, ఆ రెంటినీ కలిపి పుస్తకంగా తనే కుట్టుకుంటుంది.

“చేతిలో పనితనం ఉంది. చెక్క మీద కుడివైపుది అచ్చులో ఎడమకి పోతుందని అప్పుడప్పుడూ మర్చిపోతుంది, అంతే. తిక్కంతా బుర్రలోనే,” అన్నాడు. “పుస్తకం వేసేవాడు సిద్ధంగా ఉన్నాడు. ఈవిడగారికేమో ఒక మనిషి ‘సరే’ అనాలట. ప్రదర్శన ఆదివారం ముగిసేలోగా ఆ మాట రాకపోతే పుస్తకమే లేదట.”

“ఎవరా మనిషి?”

“చెప్పి చావదు.”

ఈ పదమూడు తలకాయల్నీ మించిన పెద్ద తలకాయ ఇంకొకటి ఉందన్నమాట. దల్సుకి ఒళ్లు మండింది.

పద్నాలుగో ఏట బడి మానేసి కుంచె పట్టాడు. సియోల్‌లో ఈ పూలసందులో ముప్ఫై ఏళ్లుగా పెళ్లికీ చావుకీ పంపే పూలస్టాండులకి కట్టే రిబ్బన్ల మీద, పంపేవాళ్ల పేరూ నాలుగు మాటలూ రాస్తున్నాడు. ఈ రాత ఎవరిదని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

‘అపూర్వ ప్రతిభ’ అని రాశాడు. ‘అనంతమైన భవిష్యత్తు’ అని రాశాడు. పోయిన వారం నూడుల్స్ కొట్టు ప్రారంభానికీ అవే మాటలు రాశాడు.

అట్టపెట్టెల ముసలామె అప్పుడొచ్చింది, రోజూ వచ్చినట్టే.

ఆమె తోపుడుబండి వాకిట్లో ఎడమ చక్రం వైపు ఒరిగి ఆగింది. పేరేమిటో దల్సు ఎన్నడూ అడగలేదు. ఖాళీ పెట్టెలు మడతపెడుతూ, ఆరేసిన రిబ్బన్ల దగ్గర ఆగి వేలు పెట్టి చదువుకుంది.

“ఇది సోరిన్ పేరు కదూ?”

“అయితే?”

“మాట పంపాలంటే ఇలా పంపుతారా?”

“పూలు కొన్నవాళ్లు పంపుతారు అవ్వా, అట్టలు ఏరుకునేవాళ్లు కాదు.”

ఆమె కదల్లేదు.

“ఓ ముక్క ఇయ్యి నాయనా. ఏ మూలో కడుదువుగాని.”

పీడ విరగడైతే చాలని ఒక తునక విసిరాడు. ఆమె కుంచెను పిడికిట్లో పట్టుకుని, చీపురు ఈడ్చినట్టు ఈడ్చి రాసింది.

‘ఎడమది వంకర. తక్కినదంతా నిజం. అచ్చు వేసుకో.’

“ఇదేం మెప్పు?” అన్నాడు దల్సు. “శుభమా అని పూలు పంపుతుంటే వంకరలు చెబుతావా? పైగా పేరు కూడా లేదు.”

“పేరెందుకు? తనకి తెలుస్తుంది.”

“పేరు లేకుండా కడితే నన్ను తంతారు.”

“తన్నరులే. కడతావా?”

“కడతా. ముందు ఆ బండి గుమ్మంలోంచి తియ్యి.”

బండి కుంటుకుంటూ సందు మలుపు తిరిగింది.

ఇక బ్యాంకు ఛైర్మన్ పేరు మిగిలింది. పెద్ద పేరుకి కుంచె శుభ్రంగా ఉండాలి. తుడవడానికి దల్సు చేతికి ఆ తునకే అందింది.

రెండు నిమిషాల్లో అది నల్లటి పీలిక అయి చెత్తబుట్టలో పడింది.

పదమూడు పూలస్టాండులూ గ్యాలరీ గుమ్మం దగ్గర దింపి వచ్చేశాడు. రిబ్బన్లు రాసేవాణ్ణి లోపలికి రమ్మనేదెవరు?

సోమవారం మళ్లీ వెళ్లాడు. వేడుక అయ్యాక పూలు వెనక్కి తెచ్చుకుని, రిబ్బను మార్చి ఇంకొకరికి పంపడం ఆ సందులో మామూలే.

లోపలి నుంచి గుక్ అరుపులు వినిపించాయి.

“పదమూడు మంది మెచ్చుకున్నారు కదే పిచ్చిమొహమా. ఆపు.”

దల్సు తొంగిచూశాడు. సోరిన్ నేల మీద కూర్చుని, ఒక్కో చెక్కనూ ఒళ్లోకి తీసుకుని ఉలితో ఈ మూల నుంచి ఆ మూలకి లోతుగా గాటు పెడుతోంది. గాటు పడ్డ చెక్క ఇక అచ్చుకి పనికిరాదు.

గుక్ తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు.

“ఎందుకు తల్లీ, చేతులారా చేసుకున్నదాన్ని?” అన్నాడు దల్సు, తనకే తెలియకుండా లోపలికి అడుగుపెట్టి.

“పుస్తకం నాదే గానీ అందులో బతుకు ఒకామెది, బాబాయ్. రాసిందీ చెక్కిందీ అంతా ఆమె చేతికిచ్చాను. నిజమనిపిస్తే ప్రదర్శన అయ్యేలోగా ఒక్క మాట పంపు, కాకపోతే ఊరుకో, నేనే మానేస్తాను అన్నాను. తర్వాత వాళ్ల వీధి కూల్చేశారు. ఎక్కడుందో తెలీదు.”

ఆఖరి చెక్క మీద ఉలి గీరుకుపోయింది.

“మాట రాలేదు. అంటే నేను రాసింది అబద్ధమేగా.”

“పదమూడు మంది…” అనబోయి దల్సు ఆగిపోయాడు. ఆ అమ్మాయి నవ్వింది.

“అవన్నీ ఒకే చేతిరాత, బాబాయ్.”

అతని రాతను గుర్తుపట్టిన మొదటి మనిషి.

ఎటు చూడాలో తెలియక దల్సు గోడ వైపు చూశాడు. గోడ మీద నిలువెత్తు బొమ్మలో, రోజూ తన కొట్లో అట్టలు ఏరుకునే అవ్వ బండి నెట్టుకుంటూ పోతోంది. ఆ బండికి మాత్రం కుడి చక్రం వంకరగా ఉంది.