ఖాళీ ఫొటోలు

"ఆ కెమెరా స్క్రూ ముట్టుకోకు!"

నొల్బెర్తో కేకకు ఎర్సిరా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముట్టుకోలేదులే అన్నయ్యా. నువ్వే ఏమైనా కదిపావేమో!"

"వెంట్రుకవాసి కూడా కదపలేదు. మూత పెట్టి పట్టా కప్పానంతే. నువ్వు వదిలి వెళ్లినట్టే ఉంది."

చిలీలోని ఎల్కీ లోయలో పొద్దు వాలుతోంది. కింద ద్రాక్షతోటలు అప్పటికే నీడలోకి జారాయి. పెరట్లో కుక్క ఎర్సిరాను చూసి ఒకటే మొరుగుతోంది.

"దీనికేమొచ్చింది?"

"నీ మొహం చూసి జడుసుకుంది."

ఏడు రాత్రులు మేలుకుని అన్నాచెల్లెళ్లు ఆకాశంలోని కరీనా నెబ్యులాను, చుక్కల మధ్య వెలిగే ఆ ధూళిమబ్బును, ఫొటోలు తీశారు. ఇక మిగిలింది ఒక్క పని. టెలిస్కోపు మూతికి తెల్లగుడ్డ పట్టి, మునిమాపు వెలుతురులో ఖాళీ ఫొటోలు తీయాలి. వాటిలో లోపలి దుమ్ము మచ్చలు తప్ప ఏమీ పడవు. ఆ మచ్చల్ని అసలు ఫొటోలోంచి తీసేస్తే నెబ్యులా తేటపడుతుంది. మధ్యలో కెమెరా ఏమాత్రం కదిలినా ఏడు రాత్రుల కష్టం వృథా. సరిగ్గా ఆ పని చేయాల్సిన పూటే ఎర్సిరా పోట్లాడి కొండ దిగి వెళ్లిపోయింది.

"ఒక్కడివే తీసుకోవచ్చుగా?"

"గుడ్డ రెండోవైపు ఎవరు పట్టుకుంటారు? మీ తాతా?"

"నీకూ తాతేగా!"

నొల్బెర్తో నవ్వు ఆపుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు గుడ్డ లాగి పట్టుకున్నారు. కెమెరా దానంతటదే క్లిక్కుమంటోంది.

"చిన్నప్పుడు నాన్న కప్పుకునే పాత ఉన్ని పోంచో కింద దూరి, చిల్లుల్లోంచి పడే వెలుతురును చుక్కలనుకునేవాళ్లం, గుర్తుందా?" అంది ఎర్సిరా.

"సగం చిల్లులు నువ్వే పొడిచావు. దెబ్బలు మాత్రం నాకు."

కెమెరా మళ్లీ క్లిక్కుమంది.

"ఆ పూట అందరి ముందూ నా చేతులు వణుకుతాయన్నావు," అందామె.

"వణికాయిగా."

"చలికి!"

"...అనకుండా ఉండాల్సింది."

గుడ్డ అతనివైపు సన్నగా అదురుతోంది. వణుకుతున్నది ఇప్పుడు అతని చెయ్యి. ఎర్సిరా చూసింది. మెల్లగా జరిగి, ఆ వేళ్ల మీద తన వేళ్లు ఆనించి పట్టుకుంది.

చీకటిపడ్డాక ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. అది మూలుగుతూ మూలుగుతూ మచ్చలన్నీ తుడిచేసింది. తెర మీద గులాబీ రంగు మబ్బు విచ్చుకుంది.

"ఒక్క మచ్చ లేదు," అన్నాడతను.

ఎర్సిరా సంచిలోంచి పాకంలో వేసిన బొప్పాయి సీసా తీసింది.

"చెంచాలెక్కడ?"

"ఎప్పుడూ ఉండేచోటే. రాత్రికి ఉంటావుగా?"

"పొమ్మన్నా పోను."

వాళ్ల పోట్లాట జరిగి పదకొండేళ్లయింది.