అమ్ముడుపోని బావమరిది

సినిమా ఫైటర్ మల్సూరు ఒకప్పుడు తన ముఖాన్నీ ఒంటినీ తెర మీద ఎలాగైనా వాడుకోమని ఒక స్టూడియోకు రాసిచ్చాడు. అక్కడి మెషీన్లు హిట్టయిన ప్రతి సినిమానూ కామెడీ సీరియల్‌గా మార్చి, మొదటి ఎపిసోడ్ తీసి ఛానెళ్ళకు చూపించేవి. ఎవరూ కొననివన్నీ ఇళ్ళల్లోని గోడ టీవీలకు ఊరికే వదిలేసేవారు. వాటన్నిటిలోనూ తన్నులు తినే బావమరిది మల్సూరు బొమ్మే. చూసేవాళ్ళు గోడ మీద ఒక్కటేస్తే చాలు, లోపల ఆ బావమరిది గిరగిరా తిరిగి పడేవాడు.

ఒకరోజు రైతుబజారులో మల్సూరు టమాటాలు ఏరుతుండగా, ఎవడో కండలు తిరిగిన యువకుడు ఇనప కుర్చీతో అతని వీపు మీద బాదాడు. భార్య సైదమ్మ కళ్ళముందే మల్సూరు బోర్లా పడ్డాడు. ముందుపళ్ళు విరిగి నోరంతా రక్తమైంది. చుట్టూ జనం పగలబడి నవ్వారు.

"లే బావమరిదీ, ఇంకోసారి పడు!" అంటూ వాడు మళ్ళీ కుర్చీ ఎత్తాడు.

"మనిషిరా, చస్తడురా!" అని సైదమ్మ అరిచింది. వాడు ఆగలేదు. ఆమె తక్కెడలోని ఐదు కిలోల రాయి అందుకుని వాడి మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగింది. వాడు పొర్లి పొర్లి ఏడుస్తుంటే జనం చప్పట్లు కొట్టారు.

సైదమ్మ ఈసారి వాడి తలకు గురిపెట్టింది. మల్సూరు పాక్కుంటూ వచ్చి అడ్డం పడ్డాడు. మెడలోని తువ్వాలు తీసి ఆ విరిగిన చేతికి కట్టాడు.

"కదలకు బిడ్డా, కదిలితే ఇంకా నొస్తది," అన్నాడు రక్తం మింగుతూ.

దానికీ జనం నవ్వారు. వాడు మాత్రం ఏడుస్తూ, రెండో చేత్తో మల్సూరు చొక్కా పట్టుకుని వదల్లేదు.