ముక్క మిగలొద్దు

సకల జనుల సమ్మె మొదలై పదిహేను రోజులు. బస్సుల్లేవు. బాలమణి, ఆమె భర్త దేవరాజు దుబ్బాక నుంచి బండి మీదే సిద్దిపేట వచ్చి, దీక్షా శిబిరం ముందు దిగారు. లోపల మెడలో దండతో బాలమణి అన్న ప్రభాకర్ కూర్చుని ఉన్నాడు. మర్నాడు హైదరాబాదులో ఆమెకు ఆపరేషన్. కారు ఆయనే మాట్లాడిపెట్టాడు.

కిడ్నీ అంచున నిమ్మకాయంత గడ్డ. క్యాన్సరే. గడ్డనూ, చుట్టూ కాస్త మంచి కండనూ కోసి తీసి, మిగతా కిడ్నీని ఉంచేస్తారని దేవరాజు చెప్పాడు.

ప్రభాకర్‌కు నచ్చలేదు. పంతుళ్ల సంఘం నాయకుడు. ఏ పనైనా సగంలో ఆపడం ఆయనకు గిట్టదు. తోటి పంతులు ఉప్పలయ్య తల్లికి ఇట్లాగే గడ్డ వరకే తీస్తే రెండేళ్లకు మళ్లీ వచ్చిందట. మొత్తం తీసేయమని డాక్టర్‌ను ఎందుకు అడగలేదని నిలదీశాడు.

"మొత్తం తీసే పద్ధతి గూడ చెప్పిండు బావా. నేనే వద్దన్న," అన్నాడు దేవరాజు.

శిబిరంలో వాళ్లంతా ఇటు తిరిగారు.

ప్రభాకర్‌కు ఈ చెల్లెలి మొగుడి మీద గురి ఎప్పుడో పోయింది. కొన్నేళ్లుగా మగ్గం ఎక్కడు. బరువు ఎత్తడు. నేతంతా చెల్లెలిదే, మందులు మింగుతూ కూర్చోవడం ఈయనది. తల్లి పోయాక తన చేతుల్లో పెరిగిన పిల్లను ఇలాంటివాడికి ఇచ్చానే అని లోలోపల కుమిలిపోయేవాడు. ఇవాళ ఆగలేకపోయాడు.

"నీ పానం మీదికొస్తే గిట్లనే అంటవా?"

దేవరాజు తల వంచుకుని స్కాన్ కవరు అంచులు మడవసాగాడు.

ప్రభాకర్ ఆ కవరు లాక్కున్నాడు. మీద డాక్టర్ నంబరు ఉంది. సెల్లు తీసి నొక్కడం మొదలుపెట్టాడు.

"ముక్క గూడ మిగలొద్దని నేనే చెప్త. ఇంకోటి ఉన్నది గదా, దాంతోటి బతకదా ఏంది?"

ఇద్దరు ముగ్గురు తలలూపారు.

బాలమణి లేచి వచ్చి, అన్న చేతిలోని సెల్లు మెల్లగా తీసుకుంది. ఆయనకొక్కడికే వినబడేలా చెప్పింది:

"అన్నా, అప్పట్ల నాకు రాళ్ల ఆపరేషనని నీకు అబద్ధం చెప్పి, గా రెండోది నేను ఈయనకే ఇచ్చిన."