రెండు రూపాయల కారం

పేరయ్య ఆ ఆఫీసు మెట్లెక్కడం ఇది నాలుగోసారి.

మొదటిసారి ఫుడ్ ఇన్‌స్పెక్టరు క్యాంపుకి వెళ్లాడన్నారు. రెండోసారి మీటింగన్నారు. మూడోసారి గుమ్మంలోనే మనిషి దొరికాడు గానీ, జీపెక్కుతూ సోమవారం రమ్మన్నాడు. ఈ సోమవారం వినుకొండ నుంచి వచ్చే బస్సులో కూర్చోవడానికి చోటు కూడా దొరకలేదు. డెబ్బై ఏళ్ల మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

సంచిలోంచి మూడు కారం పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కోటి రెండు రూపాయలది. కళ్లు జిగేల్మనే ఎరుపు.

ఇన్‌స్పెక్టరు జాన్ బాషా ఒక పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి నిట్టూర్చాడు. ఆయన ఈ జిల్లాకి బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది. అప్పుడే బల్ల నిండా ఫైళ్లు.

"ఇందులో గుడ్డలకేసే రంగు కలుపుతున్నారంటారు. మీకెట్లా తెలుసు?"

"చూశానండి. రంగు పోయిన తాలు మిరపకాయలు మరపట్టి రంగు కలుపుతారు. పోయినేడు పైదేశం పంపిన సరుకు అక్కడ పరీక్షలో పోయి తిరిగొచ్చింది. దాన్నే ఇట్లా చిన్న పొట్లాలు కట్టి పల్లెలకు తోలుతున్నారు."

"మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా?"

"మా ఇంట్లో ఈ కారం ఎవరూ ముట్టరండి. రోట్లో దంచుకుంటాం."

"మరి మీకెందుకు పెద్దాయనా ఈ తిరుగుడు?"

పేరయ్య మెల్లగా చెప్పుకొచ్చాడు. పోయిన నెల ఊళ్లో కొట్టు దగ్గర, పత్తి తీతకు పోయే ఖుర్షిదా ఈ పొట్లాలే అయిదు కొంది. కూర లేని పూట ఇంత నూనె, ఈ కారం వేసి పిల్లలకి అన్నం కలుపుతానని, రంగు చూసి పేచీ పెట్టకుండా తింటారని ఆయనతోనే సంబరంగా చెప్పింది. ఆ రోజు నుంచి ఆయనకి ముద్ద సరిగా దిగడం లేదు. గుంటూరులో ఒక డాక్టరుని అడిగితే, ఆ రంగు ఇవాళ తింటే రేపు మంచాన పడేసేది కాదని, ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే క్యాన్సరు రావచ్చని అన్నాడు.

జాన్ బాషా కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. పొట్లం మీది పేరు చూసి, ఆ మిల్లు నడిపే అన్నదమ్ములిద్దరూ తనకు తెలుసన్నాడు. వాళ్ల తండ్రిని చూడలేదు గానీ పెద్దమనిషని విన్నానన్నాడు. ముందు ఆయన చెవిన వేసి చూడమని సలహా ఇచ్చాడు.

"ఆయన మాట అక్కడ చెల్లదండి," అన్నాడు పేరయ్య.

"సరే, ఒక సంగతి వినండి. లైసెన్సు ఇంకా ఆ ముసలాయన పేరు మీదే ఉందంట. కేసు కొడుకుల మీద కాదు, ఆయన మీద పడుద్ది. రుజువైతే జైలే. ఆ వయసు మనిషిని కోర్టు మెట్లెక్కించి మీరు బావుకునేదేంటి?"

పేరయ్య మూడు పొట్లాలూ ఆయన దగ్గరికి నెట్టాడు.

"మిల్లు ఆగుద్దా అండి?"

"పరీక్షలో తేలితే సీలేస్తాం."

"అయితే కాగితం ఇవ్వండి."

జాన్ బాషా ఇక వాదించే ఓపిక లేనట్టు ఫిర్యాదు ఫారం, పెన్ను ముందుకు జరిపాడు. బయటికి తిరిగి మంచినీళ్లు తెమ్మని కేకేశాడు.

ఫిర్యాదు చేసేవారి పేరు అన్నచోట ఆయన నూతలపాటి పేరయ్య అని రాశాడు. తండ్రి పేరు రాశాడు. ఊరు రాశాడు.

మిల్లు యజమాని పేరు అన్నచోట కూడా, ఒక్కో అక్షరమే దిద్దినట్టుగా, నూతలపాటి పేరయ్య అనే రాశాడు.