నాలుగో వార్డు వెనక కాలువ

"ఎవరమ్మా అది? మూత ఎవర్నడిగి తీశావు?"

శానిటరీ మేస్త్రి కేకకు ఆమె ఉలిక్కిపడి తల ఎత్తింది. యాభై దాటిన మనిషి. వెలిసిన చీర, భుజాన గుడ్డసంచి. నాలుగో వార్డు వెనక మురుగు కాలువలోంచి, తాడు కట్టిన డబ్బాతో నీళ్ళు తోడి సీసాలో పోసుకుంటోంది.

"మూడు వారాల కిందట వచ్చింది కూడా ఈవిడే," అని స్వీపరమ్మ మేస్త్రి చెవిలో ఊదింది.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? ఆమె వచ్చి వెళ్ళిన నాలుగు రోజులకే ఈ కాలువ ఫోటో, ఫిర్యాదు పైకి వెళ్ళాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ ఆసుపత్రి కంపు పీలుస్తున్న మనిషిని, సూపరింటెండెంటు అందరి ముందూ నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఉద్యోగం ఊడుతుందన్నాడు.

"ఈసారి సీసాలో పట్టుకెళ్ళి మరీ చూపిస్తావా?"

"ఫిర్యాదు కోసం కాదు బాబూ. ఒక పనికి కావాలి. వార్డు డాక్టరుగారికి తెలుసు."

"కాగితం ఉందా?"

"రేపు తెస్తాను. ఈ ఒక్క సీసా తీసుకెళ్ళనివ్వండి."

"మురిక్కాలువ నీళ్ళు ఏ డాక్టరుకి కావాలమ్మా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావు? లోపల పదో మంచం మీద నా సొంత తమ్ముడున్నాడు. కాలు కుళ్ళిపోతోంది వాడికి. నువ్వీ కంపంతా కెలికి ఇంకో రోగం అంటిస్తావా?"

ఆమె ముఖం మారిపోయింది.

"పదో మంచమా? ఆయన మీ..."

మాట పూర్తికాలేదు. మేస్త్రి సీసా లాక్కుని గోడకేసి కొట్టాడు. వాచ్‌మన్ ఆమెను గేటు దాకా నెట్టుకుంటూ పోయాడు. ఆమె వెనక్కి తిరిగి ఏదో చెబుతూనే ఉంది. ఎవరు వింటారు?

మేస్త్రి కోపం అంతటితో చల్లారలేదు. రెండు బస్తాల బ్లీచింగు పౌడరు తెప్పించి, కాలువ పొడుగునా తన చేత్తోనే కుమ్మరించాడు.

"తియ్యమను ఇప్పుడు ఫోటో," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

తమ్ముడు లైన్‌మన్. స్తంభం దిగుతుంటే పిక్కలో ఇనుప ముక్క దిగింది. చిన్న గాయమే. ఆరు రకాల మందులు మార్చినా చీము ఆగలేదు. అప్పుడు డాక్టరు బయటినుంచి ఏదో కొత్త మందు తెప్పించాడు. మూడు రోజుల్లో జ్వరం దిగింది. "అన్నయ్యా, నా బూట్లు పైన పెట్టించు, ఇంట్లో ఎలకలున్నాయి," అన్నాడు తమ్ముడు. వారం తిరక్కుండా జ్వరం మళ్ళీ వచ్చింది.

"అదే మందు మళ్ళీ కొత్తగా తయారవ్వాలి. ఆదివారం లోపల రాకపోతే కాలు తీసెయ్యాలి," అన్నాడు డాక్టరు.

ఆదివారం వెళ్ళిపోయింది. మందు రాలేదు. సోమవారం మోకాలి పైదాకా తీసేశారు.

మేస్త్రి డాక్టరు గది తలుపు తోసుకుని వెళ్ళాడు.

"ఎవడు సార్ ఆ మందు చేసేవాడు? స్తంభాలెక్కే మనిషి సార్ నా తమ్ముడు. వాడి కాలు తీయించినవాణ్ణి నాకు చూపించండి. ఊరికే వదలను."

డాక్టరు కూడా మండిపడే ఉన్నాడు.

"నేనూ వాడి కోసమే వెతుకుతున్నాను. కూర్చో. మన బిళ్ళ మారదయ్యా, క్రిమి మారుతుంది. బిళ్ళకి చావని నాలుగూ మిగిలి పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలకి ఇక బిళ్ళంటే లెక్కలేదు. కానీ ఆ క్రిమిని తినే ఇంకా చిన్న జీవి ఒకటుంది. క్రిమి మారితే దాన్ని పట్టుకునేలా అదీ మారుతుంది. మనం పుట్టకముందు నుంచీ వాటి పోరు అంతే. క్రిమి ఎక్కడుంటే అదీ అక్కడే ఉంటుంది."

"ఎక్కడ సార్?"

"ఈ రోగుల మురుగంతా చేరే మన నాలుగో వార్డు వెనక కాలువలో. నీ తమ్ముడి జ్వరం దించింది ఆ నీళ్ళలోంచి తీసిన మందే. వాడి ఒంట్లో క్రిమి మళ్ళీ మారింది, మళ్ళీ నీళ్ళు కావాల్సొచ్చాయి. ఒక పెద్దావిడ, పెద్ద శాస్త్రవేత్త, తనే వచ్చి తోడుకుంటుంటే ఎవడో సీసా పగలగొట్టాడట. మర్నాడు నా ఉత్తరంతో వచ్చేసరికి కాలువ నిండా బ్లీచింగు. అందులో ఏ ప్రాణీ మిగల్లేదు. మూడు రోజులు ఊళ్ళో కాలువలన్నీ తిరిగింది పాపం. దొరకలేదు."

మేస్త్రి చేతులు వెనక్కి దాచుకున్నాడు. అరచేతుల్లో బ్లీచింగు వాసన ఇంకా పోలేదు.

"ఎవడో... చెప్పిందా సార్?"

"గుచ్చి గుచ్చి అడిగాను, చెప్పలేదు," అన్నాడు డాక్టరు. మేస్త్రి దాచుకున్న చేతులు చూడగానే ఆమె మాట అప్పుడర్థమైంది అతనికి. "ఆ అబ్బాయికి కాలు ఎలాగూ పోయింది, అన్నను కూడా పోగొట్టడం దేనికండీ అంది."